కరెంటు తీగ లేని ఇంటికి సోలార్ క్రెడిట్ వస్తుందా?

ప్రశ్న: నమస్కారమండి. మేం ఫీనిక్స్‌లో ఉంటాం. అరిజోనా ఉత్తరాన స్నోఫ్లేక్ దగ్గర 20 ఎకరాలు కొన్నాం. అక్కడి దాకా కరెంటు తీగ లాగడానికి ఎంతవుతుందో విన్నాక ఆ ఆలోచన మానేసి, పూర్తిగా సోలార్ మీద నడిచే ఇల్లు కట్టుకున్నాం. 400 వాట్ల ప్యానెళ్లు 24, నేల మీదే ఫ్రేము వేసి బిగించాం. 30 కిలోవాట్ అవర్ల లిథియం బ్యాటరీలు, రెండు ఇన్వర్టర్లు పెట్టాం. సోలార్ పని 2025 అక్టోబరుకే అయిపోయింది. డిసెంబరు 9న కౌంటీ వాళ్ల ఆఖరి ఇన్‌స్పెక్షన్ పాసై, ఇంట్లో ఉండొచ్చని సర్టిఫికెట్ ఇచ్చారు. కానీ శుక్ర మూఢం వచ్చిపడటంతో గృహప్రవేశం ఫిబ్రవరి ఆఖరుకి, ఫాల్గుణంలోకి పెట్టుకున్నాం. ఈలోగా బోరు పైపులు చలికి గడ్డకట్టి పగులుతాయేమోనని డిసెంబరు 13 నుంచి శని, ఆదివారాలు, క్రిస్మస్ సెలవులు మొత్తం అక్కడే పడుకున్నాం, అక్కడే వండుకున్నాం. పాలు పొంగించకుండా పొయ్యి వెలిగిస్తారా అని ఊళ్లో మా అమ్మ ఫోన్లో కోప్పడింది కూడా.

మొత్తం దాదాపు 50 వేల డాలర్లయింది. 30 శాతం అంటే 15 వేలు వెనక్కి వస్తాయనుకున్నాం. మా ట్యాక్స్ చూసే ఆయన, గ్రిడ్‌కి కలపలేదు కాబట్టి పైసా రాదంటున్నారు. డబ్బులన్నీ 2025లోనే కట్టేశావు, నీకేం ఢోకా లేదని నా స్నేహితుడు అంటున్నాడు. అతనిదీ ఇలాంటి ఇల్లే. లోపలి గోడలు ఇంకా పూర్తి కాలేదు, నీళ్లూ రాలేదు. అయినా డిసెంబరు 30న వెళ్లి క్యాంపు స్టవ్ మీద పాలు పొంగించి ఫొటో తీసుకుని వచ్చాడు. మా బావమరిది ఈ ఏడాది టెక్సస్‌లో ఇలాగే కట్టాలనుకుంటున్నాడు. ఎవరి మాట నమ్మమంటారు? ఖర్చుల జాబితా జత చేశాను. ఇతర క్రెడిట్లు పోగా మా ట్యాక్స్ 8,600 డాలర్లు. ఎలాగూ మాకు ఏటా రిఫండే వస్తుంది కదా, మరి ఈ క్రెడిట్ దేని మీద తగ్గుతుంది?
ఒక పాఠకుడు, ఫీనిక్స్

సమాధానం:

ఇద్దరిదీ పొరపాటే. మీ ట్యాక్స్ ఆయన చెప్పిన కారణం చట్టంలో ఎక్కడా లేదు. మీ స్నేహితుడి ధీమాకీ చట్టంలో ఆధారం లేదు. మీ విషయం తేలేది ఆ ఇంట్లో మీరు ఎప్పటి నుంచి ఉంటున్నారన్న దగ్గర. మీరు రాసిందంతా రాసినట్టే జరిగి ఉంటే మీకు క్రెడిట్ వస్తుందనే నా అభిప్రాయం. కాకపోతే 15 వేలు రావు. మీ ఖర్చులు చూస్తే 11,400 దగ్గర తేలుతోంది.

ముందు గ్రిడ్ సంగతి. ఇళ్లకిచ్చే సోలార్ క్రెడిట్, అంటే మీ మీద పడిన ట్యాక్స్‌లోంచి తగ్గించే మొత్తం, ఫెడరల్ ట్యాక్స్ చట్టంలో 25డి సెక్షన్ కింద వస్తుంది. అది అడిగేది ఇంతే: సూర్యరశ్మితో కరెంటు తయారుచేసే పరికరాలు కొత్తవై ఉండాలి, ఆ కరెంటు ఒక ఇంట్లో వాడకానికి వెళ్లాలి, ఆ ఇల్లు అమెరికాలో ఉండాలి, అందులో మీరు నివాసముండాలి. కరెంటు కంపెనీతో కనెక్షన్ ఉండాలని గానీ, నెట్ మీటర్ ఉండాలని గానీ ఒక్క ముక్క లేదు. మన వాళ్లకి ఈ అనుమానం ఎక్కడి నుంచి వస్తుందో నేను ఊహించగలను. ఇండియాలో పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సిస్టమ్‌కి ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ డిస్కమ్ గ్రిడ్‌కి కలిపితేనే వస్తుంది, డిస్కమ్ వాళ్లు వచ్చి చూసి సరేనంటేనే ఖాతాలో పడుతుంది. ఆ లెక్క ఆ దేశానిది. ఇక్కడ తీగ లేకపోవడం మీకు అడ్డు కాదు. ఇది మీ రెండో ఇల్లు కావడం కూడా అడ్డు కాదు. మీరు ఫీనిక్స్‌లో ఉంటూ అక్కడికి వారాంతాల్లో వెళ్లినా అది మీ నివాసాల్లో ఒకటే. పూర్తిగా అద్దెకిచ్చే ఇల్లయితే ఈ క్రెడిట్ రాదు. వ్యాపారానికి వాడేది 20 శాతం దాటితే, ఇంటి కోసం వాడిన వంతు వరకే లెక్కలోకి వస్తుంది. ముందు ముందు ఆ ఇంటిని టూరిస్టులకి అద్దెకివ్వాలనే ఆలోచన ఉంటే మీ ట్యాక్స్ ఆయనకి ఇప్పుడే చెప్పండి.

ఇక అసలు చిక్కు. 2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం ఈ 30 శాతాన్ని 2032 దాకా పొడిగించింది. దాన్ని నమ్ముకుని తీరిగ్గా ఇల్లు కట్టుకుంటున్న వాళ్లు చాలామంది. 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం దాన్ని ఏడేళ్ల ముందే తుంచేసింది: 2025 డిసెంబరు 31 తర్వాత పెట్టిన ఖర్చుకి క్రెడిట్ లేదు. వినడానికి సులువుగానే ఉంటుంది. ఆ రోజు లోపల డబ్బు కడితే చాలుననే అందరికీ అర్థమవుతుంది. కానీ ఖర్చు ఏ రోజు పెట్టినట్టు లెక్క అన్నది 25డి లోనే వేరేగా రాసి ఉంది. పాత ఇంటికి సోలార్ పెట్టుకుంటే, బిగించడం పూర్తయిన రోజే ఖర్చు పెట్టిన రోజు. కొత్తగా కట్టే ఇంట్లో భాగంగా పెట్టుకుంటే, ఆ ఇంటిని యజమాని మొదటిసారి వాడటం మొదలుపెట్టిన రోజే ఖర్చు పెట్టిన రోజు. చెక్కు మీద తేదీ ఈ రెండింటిలో దేనికీ పనికిరాదు. డబ్బు ముందే కట్టినా పని డిసెంబరు 31 దాటాక పూర్తయితే క్రెడిట్ రాదని ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) 2025 ఆగస్టులో ప్రశ్నలు, జవాబుల రూపంలో మళ్లీ చెప్పింది.

అంటే అక్టోబరులోనే మీ ప్యానెళ్లు బిగించేసి, బ్యాటరీలు నిండుతూ, ఇన్వర్టర్లు నడుస్తూ ఉన్నా దానివల్ల మీకు ఒరిగేది లేదు. ఇంట్లో వాడకం ఫిబ్రవరిలో మొదలై ఉంటే మొత్తం 2026 ఖర్చుగా మారిపోయి, 11,400 డాలర్లకీ నీళ్లొదులుకోవాల్సి వచ్చేది. అదే వాడకం డిసెంబరులో మొదలై ఉంటే, 2024లో కొన్న ప్యానెళ్లు, 2025 మార్చిలో తవ్విన గుంతలు కూడా కలిపి అన్నీ 2025 లెక్కలోకే వస్తాయి.

గృహప్రవేశం ఫిబ్రవరిలో కదా, అదే మొదటి వాడకం అంటారేమోనని మీ భయం. అనరు. చట్టానికి కావలసింది ముహూర్తం కాదు. మీరు ఆ ఇంటిని ఇల్లుగా వాడుకున్నారా లేదా అన్నదే చూస్తుంది. డిసెంబరు 9న ఉండొచ్చని సర్టిఫికెట్ వచ్చింది. 13న మీ కుటుంబం అక్కడ పడుకుంది, వండుకుంది, స్నానాలు చేసింది. నా దృష్టిలో అది నివాసమే. ఇన్ని రాత్రులు ఉంటేనే వాడినట్టు అని చట్టం లెక్క కట్టలేదు. లెక్క లేదు కాబట్టి అంతా మీ ఆధారాల మీదే నిలబడుతుంది. పొద్దున వెళ్లి పైపులు చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేసిన రోజులైతే అది కాపలా అవుతుంది, కాపురం అవదు. ఈ తేడా మీకే బాగా తెలుసు. మీ మనసుకి నిజాయితీగా ఏది అనిపిస్తే అదే ట్యాక్స్ ఆయనకి చెప్పండి.

మామూలు ఇల్లయితే ఎప్పటి నుంచి ఉంటున్నారో చెప్పడానికి కరెంటు బిల్లు చూపిస్తే సరిపోతుంది. మీకు కరెంటు బిల్లే రాదు. మీ ఇన్వర్టరే మీ మీటరు. దాని యాప్ తెరిచి రోజువారీ వాడకం గీతలు చూడండి. అక్టోబరు, నవంబరుల్లో పగటి పూట రంపమో కంప్రెసరో నడిచినప్పుడు గీత నిటారుగా లేచి పడి ఉంటుంది. మేస్త్రీలు వెళ్లిపోయాక రాత్రంతా అడుగున చదునుగా పాకుతుంది. డిసెంబరు 13 రాత్రి నుంచి ఆ ఆకారమే మారి ఉండాలి. ఫ్రిజ్ అరగంటకోసారి చిన్న చిన్న గుట్టలు వేస్తుంది. తెల్లవారకముందే హీటరు ఎక్కుతుంది. స్నానాల వేళకి బోరు మోటరు ఒక్కసారిగా పైకి తంతుంది. సాయంత్రం ఏడింటికి రైస్ కుక్కర్. ఒక కుటుంబం ఆ ఇంట్లో ఉందని చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైన సాక్ష్యం నాకు తోచడం లేదు, పైగా దాన్ని మనుషులెవరూ చేత్తో రాయలేదు. అక్టోబరు నుంచి జనవరి దాకా ఆ లాగ్ (వాడకం రికార్డు) మొత్తం డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచండి. కొన్ని యాప్‌లు నిమిషాల వారీ వివరం కొన్నాళ్లే ఉంచి ఆ తర్వాత నెల మొత్తాలు మాత్రమే చూపిస్తాయి.

దాని పక్కన కౌంటీ సర్టిఫికెట్, డిసెంబరులో ప్రొపేన్ నింపించుకున్న రసీదు, ఇంటర్నెట్ మొదలైన తేదీ, మంచం డెలివరీ అయిన కాగితం పెట్టండి. ఇంకొకటి తప్పకుండా చూసుకోవాలి: ఇన్సూరెన్సు. ఇల్లు కట్టేటప్పుడు ఉండే పాలసీ వేరు, ఉండటం మొదలుపెట్టాక తీసుకునేది వేరు. మీరు ఆ మార్పు ఎప్పుడు చేయించారు? ఇన్సూరెన్సు వాళ్లకి ఫిబ్రవరిలో దిగుతున్నామని, ఐఆర్ఎస్‌కి డిసెంబరులోనే దిగామని చెప్పి ఉంటే, ఆ రెండు కాగితాలు ఎప్పుడో ఒకప్పుడు ఒకే బల్ల మీదకి వస్తాయి. అలా జరిగి ఉంటే రిటర్న్ వేసేముందే ట్యాక్స్ ఆయనకి ఆ కాగితం చూపించండి. గృహప్రవేశం పిలుపుల్లో ఫిబ్రవరి తేదీ ఉండటం గురించి బెంగ వద్దు. మూఢంలో శుభకార్యం చేయరనీ, ఉంటున్న ఇంటికే తర్వాత మంచిరోజు చూసి పూజ చేసుకుంటున్నారనీ అడిగిన వాళ్లకి చెప్పడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇప్పుడు ఖర్చు. మీరు పంపిన జాబితాలో ప్యానెళ్లు 6,200, ఇన్వర్టర్లు 7,400, బ్యాటరీలు 9,600, నేల మీది ఫ్రేము, పైపులు, కాంక్రీటు 4,800, తీగలు, కాండ్యూట్, బ్రేకర్లు 3,100, ఎలక్ట్రీషియన్ కూలి 5,500, ప్యానెళ్ల నుంచి ఇంటి దాకా కందకం తవ్వకం 1,400. ఇవన్నీ లెక్కలోకి వస్తాయి, వాటి మీద కట్టిన సేల్స్ ట్యాక్స్‌తో సహా. సామాను బిగించే కూలి, అందుకోసం స్థలం సిద్ధం చేయడం, సిస్టమ్ నుంచి ఇంటికి తీగ లాగడం చట్టంలోనే పేరు పెట్టి చెప్పినవి. బ్యాటరీకి ఒకే షరతు, సామర్థ్యం 3 కిలోవాట్ అవర్లకి తగ్గకూడదు. మీది దానికి పదింతలు. కూడితే 38,000. దాని మీద 30 శాతం 11,400.

మిగతా మూడూ తీసేయండి. ప్రొపేన్ జనరేటర్ 5,200. మబ్బు పట్టిన వారం అది లేకపోతే మీకు గడవదని నాకు తెలుసు, కానీ అది ఎండతో కరెంటు చేయదు. బ్యాటరీలు పెట్టుకున్న షెడ్డు 3,800. అది ఒక కట్టడం. సోలార్ సామాను అందులో ఉన్నంత మాత్రాన గోడలు, కప్పు సోలార్ అయిపోవు. బోరు మోటరు 2,900. అది కరెంటు వాడేది, తయారుచేసేది కాదు. ఫ్రిజ్, హీటరుకీ ఇదే సూత్రం. మీరు సెలవు పెట్టి మీ చేతులతో ఫ్రేము బిగించిన పది రోజులకి విలువ కట్టి కలపకండి. సొంత కష్టానికి ఈ లెక్కలో చోటు లేదు, నాకూ బాధగానే ఉంది. అప్పు తీసుకుని కొన్నా సామాను ఖరీదంతా లెక్కలోకి వస్తుంది గానీ వడ్డీ, లోను ఫీజులు రావు. ఎవరైనా వాడేసిన ప్యానెళ్లు చవగ్గా ఇచ్చి ఉంటే వాటినీ పక్కన పెట్టాలి.

బిల్లులు ఎవరి పేరు మీద ఉన్నాయో ఒకసారి చూడండి. స్థలం మీ పేరున ఉండి సామాను మాత్రం స్నేహితులతో కలిసి పెట్టిన ఎల్ఎల్‌సీ కంపెనీ పేరు మీద కొని ఉంటే, అది వేరే కథ.

మీ ఉత్తరం చివర, ఎలాగూ ఏటా రిఫండే వస్తుంది కాబట్టి క్రెడిట్ దేని మీద తగ్గుతుందని అడిగారు. రిఫండ్‌కీ దీనికీ సంబంధం లేదు. జీతంలోంచి ముందే ఎంత కోశారన్నది కాదు, ఏడాది మొత్తానికి మీ మీద పడిన ట్యాక్స్ ఎంతన్నదే చూస్తారు. ఇతర క్రెడిట్లు పోగా మీ ట్యాక్స్ 8,600 అన్నారు. ఆ 8,600 పూర్తిగా సున్నా అవుతుంది, ముందే కోసిన డబ్బు ఆ మేరకు రిఫండ్‌గా తిరిగొస్తుంది. మిగిలిన 2,800ని ఐఆర్ఎస్ చేతికివ్వదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లాలి. చట్టం ఆగిపోయింది కదా, అది పోతుందేమోనని కంగారు పడకండి. ఆగింది కొత్త ఖర్చుకి. 2025లో వచ్చిన క్రెడిట్‌లో వాడుకోని భాగం 2026 రిటర్న్‌లో పనికొస్తుంది. ఇదంతా ఫారం 5695 మొదటి భాగంలో వేస్తారు. ఇంటి చిరునామా దగ్గర స్నోఫ్లేక్ ఇంటిదే రాయాలి, ఫీనిక్స్‌ది కాదు. బిల్లులు జత చేయనక్కర్లేదు, దాచుకోవాలి. ఏప్రిల్ 15కి కాగితాలు కుదరకపోతే ఫారం 4868 వేసి అక్టోబరు 15 దాకా గడువు తెచ్చుకోండి, తొందరలో తప్పు రాసేకంటే అది నయం. రేపెప్పుడైనా ఇల్లు అమ్మితే, కట్టడానికి అయిన ఖర్చులోంచి ఈ 11,400 తీసేసి లాభం లెక్కేస్తారని కూడా ఒక చోట రాసి పెట్టుకోండి.

అరిజోనా రిటర్న్‌లో ఫారం 310 మర్చిపోకండి. సోలార్ సామాను ఖర్చులో 25 శాతం, మహా అయితే 1,000 డాలర్లు, స్టేట్ ట్యాక్స్‌లో క్రెడిట్ ఇస్తారు. మీకు వెయ్యీ వస్తుంది. ఆ ఏడాది వాడుకోలేకపోతే ఐదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లొచ్చు.

మీ స్నేహితుడి విషయం చెప్పాలంటే కొంచెం కష్టంగానే ఉంది, ఎందుకంటే అతను పెట్టిన డబ్బూ నిజమే, చేసిన కష్టమూ నిజమే. చట్టం మధ్యలో మారి అతన్ని దెబ్బతీసింది. అయినా గోడల్లేని ఇంట్లో, నీళ్లు రాని ఇంట్లో, కౌంటీ ఉండొచ్చని చెప్పని ఇంట్లో ఒక సాయంత్రం పాలు పొంగిస్తే అది నివాసం కాదు. ఫొటో మీద తేదీ ఉంటుంది నిజమే, ఆ ఫొటోలోనే వెనక తీగలు వేలాడుతున్న గోడ కూడా ఉంటుంది. అతని ఇన్వర్టర్ గీత ఆ రాత్రి కూడా చదునుగానే ఉండి ఉంటుంది. క్రెడిట్ తప్పని తేలితే డబ్బు వడ్డీతో కట్టాలి, దాని మీద 20 శాతం పెనాల్టీ పడుతుంది. కావాలనే చేశారని రుజువైతే ఆ పెనాల్టీ 75 శాతం. వీసా, గ్రీన్‌కార్డు దారిలో ఉన్న మనిషి 10 వేల డాలర్ల కోసం సంతకం పెట్టాల్సిన కాగితం కాదది. ఒక్క దారి మాత్రం అడిగి చూడండి. ఇల్లు కట్టేటప్పుడు అతను ఆ స్థలంలోనే మొబైల్ హోమ్ పెట్టుకుని అందులో నివాసముండి, 2025లో ఆ సోలార్ కరెంటునే దానికి వాడుకున్నాడా? మొబైల్ హోమ్ కూడా ఇల్లే. అప్పుడు అది ముందు నుంచీ ఉంటున్న ఇంటికి సోలార్ పెట్టుకున్నట్టవుతుందని, బిగించిన తేదీయే చాలునని వాదించే వీలుంది. అది అతని ట్యాక్స్ మనిషితో కూర్చుని, కాగితాలు ముందు పెట్టుకుని తేల్చుకోవాల్సిన మాట. పనివాళ్ల సామాను దాచిన ట్రెయిలర్‌ని మాత్రం ఇల్లని చెప్పొద్దు.

మీ బావమరిదికి ఫెడరల్ క్రెడిట్ లేదు. సొంత డబ్బుతో కొనే ఇంటి సోలార్‌కి 2026లో 25డి కింద ఏమీ రాదు. కంపెనీ తన సొంత సిస్టమ్ పెట్టి నెలకింత అద్దె తీసుకునే పద్ధతిలో క్రెడిట్ ఆ కంపెనీకి ఇంకా వస్తుంది, 2026 జులై 4 లోపల పని మొదలవ్వాలి లేదా 2027 ఆఖరుకి నడవాలి. కానీ ఊరికి దూరంగా, తీగ లేని ఇంటికి అలా అద్దెకి పెట్టే వాళ్లు దొరకడం కష్టం, దాన్ని నమ్ముకుని ప్లాను వేయొద్దనండి. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్సే లేదు కాబట్టి అరిజోనాలో లాంటి క్రెడిట్ కూడా ఉండదు. అక్కడ ఉన్నది ఇంటి పన్ను మినహాయింపు. సోలార్ వల్ల ఇంటి విలువ ఎంత పెరిగిందో అంత మీద పన్ను వేయరు, దానికి ఫారం 50-123 నింపి కౌంటీ అప్రైజల్ ఆఫీసులో ఇవ్వాలి. అడగకపోతే దానంతటది రాదు. స్థలం ఇంకా ఖాయం కాలేదంటే న్యూ మెక్సికో వైపు కూడా చూడమనండి. అక్కడ సోలార్ ఖర్చులో 10 శాతం, 6,000 డాలర్ల దాకా, స్టేట్ ట్యాక్స్‌లో క్రెడిట్ ఇస్తున్నారు. కొనేముందే అక్కడి ఇంధన శాఖ షరతులు చదువుకోవాలి, సర్టిఫికెట్ వాళ్లే ఇవ్వాలి.

ఈ శనివారం మీరు వెళ్లినప్పుడు బ్యాటరీల మీదున్న ప్లేటు ఫొటో తీసుకోండి, సామర్థ్యం, సీరియల్ నంబరు చదవగలిగేలా. ఇన్వర్టర్ల వెనకదీ తీయండి. ఆ లాగ్ కాగితాలతో కలిపి ఒక కవర్లో పెట్టి ట్యాక్స్ ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. గ్రిడ్ కనెక్షన్ కావాలని 25డిలో ఎక్కడుందో చూపించమని మర్యాదగా అడగండి. చూపించలేరు. అప్పుడు ఆ కవరు ఆయన చేతికివ్వండి.